అంచు మీద జిగురు

తడిపిన అద్దుడు కాగితం పట్టీలు అంటుకుపోయిన కాగితాల అంచుల మీద వేసి పది నిమిషాలైంది, జిగురు ఇంకా కదల్లేదు, కదలదు కూడా, నాన్న కలిపిన జిగురు అంత తేలిగ్గా వదిలితే ఇంకేముంది, మైదాపిండిలో మైలుతుత్తం వేసి గరిట ఒకే వైపు తిప్పి తిప్పి దించేవాడు, అది పట్టుకున్నదాన్ని వదిలేది కాదు, అచ్చం ఆయనలాగే. తొందరపడి మొత్తం తడిపితే సిరా చెదిరిపోతుంది, అందుకని ముందు అంచులు, తర్వాత లోపలికి, అంగుళం అంగుళం. గడియారం పదీ పది చూపిస్తోంది. పదకొండింటికి హాల్లో సభ. ఈలోగా ఈ రెండు కాగితాలూ విడిపోవాలి, విడిపోయి నాకు కావలసింది నా చేతిలో పెట్టాలి, అప్పుడు నేను వెళ్ళి మైకు ముందు నిలబడి, అధ్యక్షురాలి కుర్చీలో కూర్చున్న ఆ మహాతల్లి ముఖంలోకి సూటిగా చూస్తూ, ఆవిడ పదిహేనేళ్ళప్పుడు నా మీద రాసిన రాతని ఆవిడకే చదివి వినిపిస్తాను. ముప్పై ఒక్క ఏళ్ళు ఆగినదాన్ని, ఒక్క గంట ఆగలేనా?

ఈ లైబ్రరీకి ఒక పద్ధతుంది. ప్రతి నవల వెనకా ఖాళీ కాగితాలు కుట్టి ఉంచుతాం, చదివినవాళ్ళు పేరు పెట్టకుండా తమ అభిప్రాయం రాయొచ్చు, ముందు రాసినవాళ్ళతో పోట్లాడొచ్చు, తిట్టొచ్చు, కొట్టివేయడం మాత్రం కుదరదు. పుస్తకం చిరిగి మళ్ళీ బైండింగుకి వచ్చినప్పుడు, కుట్టే ముందు, ఆ అభిప్రాయాలన్నీ బైండరే సభలో పైకి చదవాలి, ఒక్క కాగితమూ పోలేదని అందరికీ తెలియాలి గనక. నాన్న ముప్పై ఏళ్ళు చదివాడు, ఆయన పోయాక పన్నెండేళ్ళుగా నేను చదువుతున్నాను. "మన పని కుట్టడం వరకేనమ్మా, చదివినవాడి మాట దాచే హక్కు మనకి లేదు" అనేవాడు, సూదిలోకి దారం ఎక్కిస్తూ, కళ్ళు చికిలించుకుని. అంత నీతి చెప్పిన మనిషి అంటించాడు. మూడు రోజుల క్రితం ఈ పుస్తకం కుట్లు విప్పుతుంటే ఒక కాగితం మందంగా తగిలింది, వెలుతురుకి ఎత్తి చూస్తే ఒకటి కాదు రెండు, మూల దగ్గర ఎండిన జిగురులో ఆయన బొటనవేలి ముద్ర, మధ్యలో చిన్న గాటు, కత్తెర జారినప్పటి గాటు, ఆ వేలు పట్టుకునే కదా నేను రోడ్డు దాటడం నేర్చుకున్నది. లోపల అక్షరాలు తిరగేసినట్టు కనిపించాయి, ఏమీ చదవలేకపోయాను గానీ ఆ వాలు మాత్రం గుర్తుపట్టాను. ఎడమవైపు ఒరిగిన రాత. చచ్చేదాకా మర్చిపోను ఆ రాతని, నా వీపు మీద గుండుసూదితో గుచ్చిన కాగితాల మీదంతా అదే రాత.

పైగా పుస్తకం పేరేమో 'మూగబడి'. నేను పుట్టకముందే వచ్చిన భయానక నవల, ఇప్పటికీ అలమరలో నిలవదు. అందులో దెయ్యమేమీ లేదు, పద్నాలుగేళ్ళ నత్తిపిల్ల ఉంటుంది, క్లాసంతా ఆ నత్తిని అనుకరించి ఏడిపిస్తుంది, ఒకరోజు ఆ పిల్ల కోపం పట్టలేక ఒకదాని గొంతుకేసి చూస్తుంది, అంతే, ఆ గొంతు పోతుంది. తర్వాత ఇంకొకదానిది. చివరికి బడి మొత్తం మూగబోతుంది, ఆ పిల్ల హాజరుపట్టీ తీసి ఒక్కొక్కరి పేరూ నత్తి లేకుండా పిలుస్తుంది, పలికేవాళ్ళు ఉండరు. నేనయితే ఆ చివరి పేజీని పదిహేనేళ్ళప్పుడు కంఠతా పట్టాను. జనం మాత్రం ఏం రాశారో చూడండి. "మూడు రోజులు నిద్ర లేదు, మా ఆవిడ గురక ఆగినప్పుడల్లా గొంతు పోయిందేమోనని లేపి మాట్లాడించాను", ఈయన నయం, మంచి మనిషి. "మధ్యలో సాగదీశారు." సాగదీయక, ఏడిపించడం ఒక్కపూటలో అయిపోతుందా? "ఆ అమ్మాయి టీచరుకి చెప్పి ఉంటే ఇంతదాకా వచ్చేది కాదు." చెప్పింది నాయనా, నలభై మూడో పేజీలో చెప్పింది, టీచరు కూడా నవ్వింది, నువ్వా పేజీ తిప్పేసినట్టున్నావు. "పిల్లల సరదాలని ఇంత పెద్దవి చేసి రాయడం సబబు కాదు." సబబట! "ఊరికే చూస్తూ నిలబడ్డవాళ్ళ గొంతులు కూడా తీసేయడం అన్యాయం", దాని కింద పెన్సిలుతో ఇంకెవరో, "వాళ్ళవే ముందు తీయాలి", ఆ పెన్సిలెవరిదో తెలిస్తే ఇంటికి పిలిచి భోజనం పెడతాను. వాటి తర్వాత నీలిసిరాతో, కాగితం చిరిగేంత నొక్కి, ఒకే ఒక్క వాక్యం. "ఆ అమ్మాయి చేసింది తక్కువే." అది నాది. దాని వెనకవైపే నాన్న అంటించింది.

అప్పట్లో నా పేరు జిగురు. హాజరుపట్టీలో వేరే పేరుండేది గానీ దానితో నన్ను పిలిచింది టీచరొక్కతే. బడి నుంచి నేరుగా ఈ గదికే వచ్చేదాన్ని, నాన్న పక్కన కూర్చుని హోంవర్కు చేసుకునేదాన్ని, జడలోనూ పుస్తకాల్లోనూ ఆ పుల్లటి పిండి వాసన ఉండిపోయేది. ఆట కనిపెట్టింది లీడరు, ఇవాళ అధ్యక్షురాలి కుర్చీలో కూర్చునే ఆవిడే. క్లాసు లీడరు, ఫస్టు ర్యాంకు, టీచర్లకి కళ్ళలో పెట్టుకునేంత ముద్దు. నన్ను ఎవరికైనా చెయ్యి తగిలితే "అంటింది, అంటింది" అని పరిగెత్తి ఇంకొకరికి రుద్దాలి, వాళ్ళు ఇంకొకరికి, సాయంత్రానికి ఎవరి దగ్గరుంటే వాళ్ళు ఓడినట్టు. సంవత్సరం పాటు ఆడారు. సంవత్సరం పాటు నన్ను ఎవరూ పొరపాటున కూడా ముట్టుకోలేదు, ముట్టుకుంటే ఆట కోసమే. సరే, ఓర్చుకున్నాను. ఆ రోజు మాత్రం, మధ్యాహ్నం క్లాసులో, ఎండకి కునుకు పట్టి బెంచీకి ఆనుకున్నాను, చివరి గంట కొట్టారు, అందరూ లేచారు, నేనూ లేచాను, జడ లేవలేదు. ఒక్కసారిగా మెడ వెనక్కి లాగి పడ్డాను. నలభై మంది నవ్వు. బెంచీకి పూసింది మామూలు జిగురు కాదు, అట్టలకి వాడే గట్టి బంక. టీచరు చార్టులు కోసే కత్తెర తెచ్చి, "కదలకు, చెవి తెగుతుంది" అంటూ పటపటా కత్తిరించింది, ఆవిడ పెదాల చివర కూడా నవ్వుంది, నేను చూశాను. సగం జడ బెంచీకే ఉండిపోయింది. మర్నాటికి దాని మీద ఎవరో రిబ్బను కట్టారు.

ఇంటికొచ్చాక నాన్న మిగిలిన జుట్టు సమంగా కత్తిరించాడు, చివర్లకి అంటుకున్న బంకని వేళ్ళ మధ్య నలిపి వాసన చూశాడు. అప్పుడు ఆయన ముఖం పాలిపోయింది. ఆ బంక ఆయనదే. అంతకుముందు రోజు లీడరు ఈ గదికొచ్చి, "అంకుల్, చార్టుకి కొంచెం గట్టి బంక కావాలి" అని అడిగితే, "తీసుకో తల్లీ, మా అమ్మాయి క్లాసే కదూ నువ్వు" అని సీసా నిండా పోసిచ్చాడు. ఈ చేత్తోనే ఇచ్చానమ్మా అన్నాడు, అదొక్కటే అన్నాడు, తన చేతినే చూసుకుంటూ. ఆయన బడికి వెళ్ళి గొడవ చేయలేదు, చేస్తాడని ఎదురుచూశాను. ఎందుకు చేయలేదని పన్నెండేళ్ళ క్రితం ఆయన మంచం పక్కన కూర్చుని కూడా మనసులో అడిగాను.

"అయిందా అమ్మా?" అంటూ లైబ్రేరియన్ గారు తలుపులోంచి తల పెట్టారు, కళ్ళజోడు నుదుటి మీదే ఉంది, దానికోసమే వెతుకుతున్నట్టున్నారు. "హాలు నిండిపోయింది. హెడ్ మిస్ట్రెస్ గారు దారిలో ఉన్నారట."

"పావుగంటలో వస్తానండి."

"ఆవిడకి ఈ పుస్తకమంటే ప్రాణమమ్మా. మెంబరు నంబరు రెండు వందల పన్నెండు, బడిపిల్లగా ఉన్నప్పటి కార్డు, ఇంకా మార్చలేదు. ఏటా ఒకసారి దీన్నే పట్టుకెళ్తారు. తీసుకెళ్ళి మర్నాడే తెచ్చిచ్చేస్తారు, ఒక్కరోజులో ఏం చదువుతారో మరి! నా కళ్ళజోడు చూశావా?"

"నెత్తిమీదుంది."

నవ్వుకుంటూ వెళ్ళారు. పుస్తకం ముందు అంటించిన తేదీల చీటీ తీసి చూశాను, ఒక చీటీ మీద ఇంకో చీటీ, నిజమే, రెండు వందల పన్నెండు, రెండు వందల పన్నెండు, మొదట్లో వారం వారం, తర్వాత నెలకోసారి, ఆ తర్వాత ఏడాదికొకటి, నిరుటి దాకా. అబ్బో, ఎంత ప్రేమో. తన ప్రతాపం తను తడుముకోవడానికి వచ్చేదన్నమాట, నా వాక్యం వెనక తను రాసిన వెక్కిరింత ఆ జిగురు కింద ఇంకా భద్రంగా ఉందో లేదో చూసుకోవడానికి. ఏం రాసి ఉంటుంది? "తక్కువే అంటున్న జిగురు ముందు జడ పెంచుకోవాలి" అనా? అలాంటిదేదో. అది చూసి నాన్న, కూతురి కళ్ళ పడకూడదని, జీవితంలో ఒకే ఒక్కసారి పద్ధతి తప్పాడు. నేను నా వాక్యం రాశాక రెండు నెలలు రోజూ వచ్చి చూసుకునేదాన్ని, పేరు లేని వాళ్ళెవరైనా కింద ఒక్క ముక్క రాస్తారేమోనని, "అవును, తక్కువే" అని, పోనీ "కాదు" అని. ఈలోగా, ఎవరో పట్టుకెళ్ళి తిరిగిచ్చిన రోజే, నాన్న పుస్తకాన్ని బైండింగుకి తీశాడు. తిరిగొచ్చాక చూస్తే నా వాక్యం, కాగితం తిప్పితే ఎవరో ముసలాయన కాగితం ధర పెరిగిందని రాసిన గోడు. నాకు జవాబివ్వాలని ఎవరికీ అనిపించలేదు. ఆ తర్వాత ఈ పుస్తకాన్ని మళ్ళీ ముట్టుకోలేదు. ఇప్పుడు ఆవిడ హెడ్ మిస్ట్రెస్, ఆరొందల మంది పిల్లలకి పెద్ద, లైబ్రరీ కమిటీకి అధ్యక్షురాలు, పిల్లల మనసులు నొప్పించకూడదని ఉపన్యాసాలు దంచుతుంది. దంచనీ. ఇవాళ ఆ కుర్చీలోనే ఆ గొంతు పోతుంది. పుట్టుకతో నాకు ఆ నత్తిపిల్ల చూపు లేదు గానీ ఒక మైకుంది, ఒక కాగితముంది. ఒక్కో మాటా విడివిడిగా చదువుతాను, మధ్యలో ఆగుతాను, ఆగి నీళ్ళు తాగుతాను.

పదీ ముప్పై అయిదు. కాగితాలు మడిచే ఎముక బద్ద మొనని మూలలో పెట్టి చిన్నగా తోశాను, వచ్చింది, నాన్న బొటనవేలి ముద్ర రెండుగా చీలి రెండు కాగితాల మీదా సగం సగం ఉండిపోయింది, ఒక్క క్షణం చెయ్యి ఆగింది, క్షమించు నాన్నా, నీ పని పాడుచేస్తున్నాను. ఇంకా లోపలికి తడి పట్టీ వేయాలనుకుని బద్దని జరిపితే అది తనంతట తనే సర్రున లోపలికి పోయింది. లోపల జిగురే లేదు. అంచు వెంబడి, గీత గీసినట్టు, వేలెడంత కూడా కాదు, వేలి గోరంత వెడల్పు. మొత్తం పూసి ఉంటే ఏ తడికీ లొంగేది కాదు, రాత కాస్తా నాశనమయ్యేది. ఆ సంగతి నాన్నకి తెలియదా? మూసేద్దామనుకున్నవాడు ఇలా అంటించడు. కాగితాలు రెండు రెక్కల్లా విచ్చుకున్నాయి, రెండు వైపులా నిండా ఎడమకి ఒరిగిన రాత, సిరా నిన్న రాసినట్టుంది.

"ముందు వైపు రాసింది నువ్వేనని నాకు తెలుసు. నీ నోట్సు చూసి ఎన్నిసార్లు రాసుకున్నానో, నీ రాత నాకు తెలియదా. ఈ నవల మూడుసార్లు చదివాను. ఇందులో వాళ్ళకి గొంతు పోయాక తప్పయిందని చెబుదామన్నా చెప్పలేరు. నాకు గొంతుంది, అయినా నువ్వు ఎదురైతే రావడం లేదు. అంకుల్ దగ్గర బంక అడిగి తెచ్చింది నేనే. పూసింది నేనే. అందరికంటే గట్టిగా నవ్వింది నేనే. జడకి రిబ్బను కట్టింది కూడా నేనే. ఎందుకు చేశానని అడిగితే కారణమేమీ లేదు, వెతికాను, దొరకలేదు, అందుకే భయంగా ఉంది. తప్పు చేశాను. తిట్టాలనుకుంటే కింద తిట్టు. ఏదో ఒకటి రాయి. ప్రతి శనివారం వచ్చి చూస్తాను."

కింద నాలుగు వేళ్ళ ఖాళీ.

ఇదేమిటి? నాకు కావలసింది ఇది కాదు. ఇంకోసారి చదివాను, వెక్కిరింత ఎక్కడైనా దాక్కుందేమోనని మాట మాటా గాలించాను, లేదు, దిక్కుమాలిన కాగితంలో ఎక్కడా లేదు. ముప్పై ఒక్క ఏళ్ళు సానపెట్టుకున్నదంతా పట్టుకుని నేనెక్కడికి పోను ఇప్పుడు? నాన్నా, ఇది చదివావా నువ్వు? చదివే ఉంటావు, చదివి, ఈ బల్ల దగ్గరే కూర్చుని, బంక పోసిచ్చిన చేత్తోనే జిగురు రాసి, నా తరఫున నువ్వే వద్దనేశావా? నాకొచ్చిన ఉత్తరం నాన్నా అది! నాకు చూపించి ఉంటే నేనేం చేసేదాన్ని? నాకు తెలుసు, అదే సిగ్గుగా ఉంది, శనివారం దాకా కూడా ఆగేదాన్ని కాదు, పరిగెత్తుకెళ్ళి ఆ పిల్ల చెయ్యి పట్టుకునేదాన్ని, నేను ఏడాదిగా ఎవరూ ముట్టుకోని పిల్లని, ఎవరు చెయ్యి చాపినా చాలు నాకు. నీకూ తెలుసు ఆ సంగతి. అంత చవగ్గా పోనివ్వకూడదనుకున్నావు. బడికెళ్ళి గొడవ చేయని మనిషి, ఇలా చేశాడు.

అప్పుడు గుర్తొచ్చింది తేదీల చీటీ. వారం వారం, నెల నెలా, ఏడాదికోసారి. రెండు వందల పన్నెండు. శనివారం ఆవిడ వచ్చింది, పుస్తకం తెరిచింది, తను రాసిన కాగితం లేదు, తడిమితే మందంగా అంటుకుపోయి ఉంది. ఏమనుకుని ఉంటుంది? ఇంకేమనుకుంటుంది. జిగురనే పిల్ల జిగురుతోనే జవాబు చెప్పిందనుకుని ఉంటుంది. ఒకసారి విప్పి రాస్తుందేమోనని ఏటేటా వచ్చి, తడిమి, మర్నాడే తిరిగిచ్చేసింది. హమ్మా! అయితే ముప్పై ఒక్క ఏళ్ళుగా శిక్ష పడుతూనే ఉంది, నడుస్తూనే ఉంది, నాకే కబురు లేదు. గుండెల్లో వెచ్చగా ఏదో పొంగింది, సంతోషమే, దాచడం దేనికి, సంతోషమే. దాని వెనకే ఏడుపు వచ్చింది, దాన్ని గదిమాను.

చెప్పుల చప్పుడు తలుపు దగ్గర ఆగింది. పదీ యాభై. లీడరు. జుట్టు సగం నెరిసింది, చేతిలో ఉపన్యాసం కాగితం, గుమ్మం దాటలేదు.

"లోపలికి రావచ్చా?"

"రండి మేడమ్."

మేడమ్ అనే మాట ఆవిడకి తగలాల్సిన చోటే తగిలింది, చూశాను. బల్ల దగ్గరికొచ్చింది, విచ్చుకున్న కాగితాల్ని చూసింది, తన చిన్ననాటి రాతని చూసింది, బల్ల అంచు పట్టుకుంది.

"విప్పావా" అంది. "హాల్లో చదువుతావా? చదువు. నేనేమీ అనుకోను. నిజంగా. చదివితేనే మంచిది."

అక్కడే తెలిసింది నాకు. చదివితే తేలికైపోతుంది ఈవిడ. అందరి ముందూ తల వంచుకుని, నాలుగు కన్నీళ్ళు కార్చి, ఇంటికెళ్ళి హాయిగా నిద్రపోతుంది.

"చదవను" అన్నాను.

తలూపింది. వెళ్ళిపోతుందనుకున్నాను, వెళ్ళలేదు. "ఒక్కటి అడుగుతాను. ఇన్నేళ్ళూ అదే తొలుస్తోంది నన్ను. అప్పుడు నువ్వు... చదివి అంటించావా? చదవకుండానే అంటించావా?"

నేను కాదు, నాన్న. నేను చూడనే లేదు. నాలుక చివరి దాకా వచ్చింది. ఆ ఒక్క మాటతో ఆవిడ ముప్పై ఒక్క ఏళ్ళూ ఉత్తి పొరపాటైపోతాయి, నవ్వుకోవచ్చు కూడా ఇద్దరం, అయ్యో అని. నావేమవుతాయి? మెడ వెనక, జడ తెగిన చోట, ఇప్పటికీ దువ్వెన తగిలితే ఉలిక్కిపడతాను.

"చదివే అంటించాను."

ఆవిడ కళ్ళు మూసుకుంది. నాన్నా, విన్నావా, నీది నా మీద వేసుకున్నాను. "సరిగ్గానే చేశావు" అంది, మెల్లగా, ఉపన్యాసాల గొంతు కాదు, చార్టుకి బంక అడిగిన గొంతు కూడా కాదు. నేను గిన్నె దగ్గరికి లాక్కున్నాను, పొద్దున కలిపిన జిగురు, పైన పొర కట్టింది, వేలితో తీసేశాను.

"ఈ అంచు కాస్త పట్టుకుంటారా? ఒక్కదాన్నే అయితే జారిపోతుంది."

ఉపన్యాసం కాగితం పక్కన పడేసి రెండు చేతులతో పట్టుకుంది. నేను వేలితో రాసుకుంటూ వెళ్ళాను, ఆవిడ వేళ్ళ దాకా వచ్చాను.

"అంటుతుంది, చూసుకోండి."

"అంటనీ."

ఆవిడ వేళ్ళ మీదుగానే రాశాను. నా వేలు ఆవిడ వేళ్ళకి తగిలింది, ఇద్దరం చెయ్యి తీయలేదు. కాగితం మీద కాగితం పెట్టి నొక్కాను, మూల దగ్గర బొటనవేలు పెట్టి, నాన్న పెట్టిన చోటే. "అమ్మా, టైమైంది" అని లైబ్రేరియన్ గారు కేకేశారు. "పదండి" అన్నాను.

హాల్లో వరసగా చదివాను. గురక ఆయన దగ్గర అందరూ నవ్వారు, పెన్సిలు రాత దగ్గర ఎవరూ నవ్వలేదు. తర్వాత నాది. "ఆ అమ్మాయి చేసింది తక్కువే", మధ్యలో ఆగలేదు, నీళ్ళు తాగలేదు. తలెత్తి చూశాను. అధ్యక్షురాలి కుర్చీలో ఆవిడ, చేతులు ఒళ్ళో పెట్టుకుని, వేళ్ళు విడివిడిగా చాపుకుని కూర్చుంది, జిగురు తుడుచుకోలేదు. నా చేతిలో కాగితం మందంగా, ఇంకా తడిగా ఉంది. వేలి గోరంత వెడల్పు, అంచు మీద మాత్రమే, ఇంకా ఆరలేదు, గోరు పెడితే ఇప్పుడైనా విడిపోతుంది. నాలుగు వేళ్ళ ఖాళీ లోపల అలాగే ఉంది. కాగితం తిప్పి, ధర పెరిగిందన్న ముసలాయన గోడు మొదలుపెట్టాను.